చిన్న వ్యాపారానికి ప్రభుత్వ సాయం అందాలంటే ఏం చేయాలి?

పథకాలకు కొదవలేదు. ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియకే చాలామంది ఏజెంట్ల చేతిలో డబ్బు పోస్తున్నారు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఇచ్చే సాయంలో చాలా భాగానికి తలుపు ఒక్కటే: ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే మీ వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం. ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా అయిపోయే పని.

1. అసలు సైటులోకే వెళ్లండి

అధికారిక ఉద్యమ్ పోర్టల్ 2020 జులై 1న మొదలైంది. దాని చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉంటుంది. గూగుల్‌లో వెతికితే అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు కూడా ఎదురవుతాయి. ఫీజు కట్టమన్నారంటే వెంటనే బయటికి వచ్చేయండి.

2. ఆధార్, పాన్, ఫోన్ దగ్గర పెట్టుకోండి

ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది. కాగితాలేవీ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. పెట్టుబడి, టర్నోవర్ వివరాలను ఆదాయపు పన్ను, జీఎస్టీ రికార్డుల నుంచి పోర్టలే తీసుకుంటుంది. 2025 ఏప్రిల్ నుంచి పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల రూపాయలు మించకపోతే సూక్ష్మ సంస్థ కిందకే వస్తారు.

3. ఎన్‌ఐసీ కోడ్ దగ్గర తొందరపడొద్దు

అసలు మెలిక ఇక్కడే ఉంది. మీరు ఏ పని చేస్తారో చెప్పే అంకె ఇది. స్కూళ్లకు యూనిఫాంలు కుట్టి ఇచ్చేవారు ‘దుస్తుల తయారీ’ ఎంచుకోవాలి. దుకాణం కూడా ఉంది కదా అని ‘బట్టల రిటైల్’ ఒక్కటే పెడితే వ్యాపారుల లెక్కలోకి పోతారు. వాళ్లకు ప్రాధాన్య రంగ రుణాల వరకే వీలుంటుంది, కింద చెప్పబోయే బాకీ వసూలు రక్షణ దక్కదు. ఒకటి కంటే ఎక్కువ కోడ్‌లు ఇవ్వొచ్చు కాబట్టి చేసే పనులన్నీ చేర్చండి.

4. అప్పు కావాలంటే

జన్ సమర్థ్ పోర్టల్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే మీకు ఏ రుణ పథకం వర్తిస్తుందో చెబుతుంది. ముద్రా రుణాల్లో శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. వీటికి తాకట్టు అక్కర్లేదు.

5. బిల్లు డబ్బు రాకపోతే

నా దృష్టిలో ఉద్యమ్ అసలు విలువ రుణంలో కంటే ఇక్కడే ఎక్కువ. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. సరుకు ఇచ్చే నాటికే ఉద్యమ్ నమోదు ఉండేలా చూసుకోండి, తర్వాత వాదనకు తావుండదు.

ఫిర్యాదు దాకా పోకుండా తేలే దారి కూడా ఉంది. ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు, తయారీయో సేవో అన్నదీ అచ్చు వేయించండి. గడువు దాటి, ఆర్థిక సంవత్సరం చివరికి కూడా బాకీ తీర్చకపోతే ఆ ఖర్చును కొన్నవాళ్లు ఆ ఏడాది పన్ను లెక్కలో చూపుకోలేరు. అందుకే మార్చి వచ్చేసరికి వాళ్ల అకౌంటెంటే మీకు ఫోన్ చేయొచ్చు.