చింత మొక్కకు వ్యామ్ పట్టించడం ఎలా? జొన్న ఉంటే చాలు

అనంతపురం వైపు ఏడాది మొత్తానికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అక్కడ చింత మొక్క నాటితే అసలు గండం మొదటి ఎండాకాలం. దాన్ని దాటించాలంటే నాటాక నీళ్లు పోయడం ఒక్కటే సరిపోదు, నర్సరీ సంచిలో ఉన్నప్పుడే వేళ్లకు వ్యామ్ పట్టించాలి.

వ్యామ్ అంటే వేరు లోపల కాపురం పెట్టే శిలీంధ్రం. దాని పోగులు వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయి, వేరు దూరలేని మట్టి సందుల్లోకి వెళ్లి భాస్వరం, జింకు, కొంత తేమ తెచ్చిస్తాయి, బదులుగా మొక్క తయారు చేసుకున్న చక్కెర తీసుకుంటాయి. నేల ఎండేకొద్దీ భాస్వరం వేరు దాకా కదలదు, అందుకే కరువులో దీని అవసరం ఎక్కువ.

వ్యామ్ పొడి బజార్లో దొరుకుతుంది, కానీ ఇంట్లోనే పెంచుకోవచ్చు. బతికున్న వేరు లేనిదే ఇది పెరగదు, ఆ వేరు కోసమే జొన్న. ఆరోగ్యంగా ఉన్న పాత చింత చెట్టు కింద ఆకులు తోసేసి, జానెడు లోతు వరకు సన్న వేళ్లతో సహా మట్టి తవ్వి, అంతే ఇసుక కలిపి కుండీలో జొన్నలు చల్లండి. మూడు నెలలు పెంచి, నీళ్లు ఆపి, ఎండాక పైమొక్క కోసేసి వేళ్లను ముక్కలు చేసి అదే మట్టిలో కలపండి. జొన్న బదులు ఆవాలు మాత్రం వేయొద్దు, వాటి వేళ్లలో ఇది నిలవదు.

సంచిలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు నింపి, చింత గింజకు రెండు అంగుళాల కింద ఈ జొన్న కుండీ మట్టి పిడికెడు పెట్టండి. కొత్త వేరు దాన్ని తాకుతూ దిగాలి, పైన చల్లితే పెద్దగా లాభం లేదు.

దయచేసి డీఏపీ ఎరువు వేయకండి, అందులో భాస్వరం ఎక్కువ! భాస్వరం తేరగా దొరికితే మొక్క ఈ శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు, పడిన కష్టమంతా పోతుంది. కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రాలను చంపే మందు మట్టిలో పోయడం, సంచి ఎప్పుడూ బురదగా ఉంచడం కూడా అంతే చేటు.

పట్టిందో లేదో కంటికి కనపడదు (మట్టి మీద తెల్లగా కనిపించే బూజు ఇది కాదు), అందుకే ఓ పది సంచులు వ్యామ్ లేకుండా ఉంచి ఎదుగుదల పోల్చి చూసుకోండి. తొలకరికి సంచి చింపి, వేళ్ల మట్టి రాలకుండా నాటండి. తర్వాత పాదులో లోతుగా తవ్వొద్దు, పోగులు తెగుతాయి, కలుపు చేత్తోనే పీకండి.