ఇంజిన్ మార్చారు సరే, షాఫ్ట్ లైన్ కలిసిందా?

గార్డెన్ ట్రాక్టర్‌కి ఇంజిన్ మార్చేవాళ్ళు బోల్టు రంధ్రాలు కలుస్తాయా, సైలెన్సర్ ఎటు తిప్పాలి, యాక్సిలరేటర్ కేబుల్ అందుతుందా అని తెగ టెన్షన్ పడతారు. ఇంజిన్ తిప్పుడుని వెనకున్న పంపుకి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "మధ్యలో రబ్బరు బిళ్ళ ఉందిగా, అదే సర్దుకుంటుంది" అనేస్తారు. కొన్నాళ్ళు సర్దుకుంటుంది. ఆ తర్వాత బిళ్ళ చిరుగుతుంది, పిన్నుల రంధ్రాలు కోడిగుడ్డులా సాగుతాయి, ఆఖరికి ఆ దెబ్బ పంపు బేరింగ్ మీద పడుతుంది.

నేను విశాఖలో ఒక ప్లాంట్‌లో పంపుల మెయింటెనెన్స్ చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఒహాయోలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడి ఇంటి వెనక గడ్డి కోసే బండి 1970లలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు చేసిన కబ్ కేడెట్. 12 హార్స్‌పవర్ కోలర్ కంపెనీ ఇంజిన్ అరిగిపోతే, రెండు సిలిండర్ల 670 సీసీ ఇంజిన్ తెచ్చుకున్నాం. ఇంజిన్ ముందుంటుంది, ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పించే హైడ్రోస్టాటిక్ పంపు వెనకుంటుంది, ఈ రెంటినీ కలిపేది ఫ్రేమ్ మధ్యలో పోయే పొడవాటి షాఫ్ట్. మాదాంట్లో దానికి రెండు కొసలా రబ్బరు బిళ్ళ కప్లింగులున్నాయి. బిళ్ళ ఒక్క కొసనే ఉన్న బండ్లకి ఈ పద్ధతి ఉన్నదున్నట్టు సరిపోదు.

ముందు ఇంజిన్ ఎటు తిరుగుతుందో చూసుకోండి. పాత కోలర్‌లో ఫ్లైవీల్ వెనక్కి, అంటే సీటు వైపుకి ఉంటుంది. షాఫ్ట్ బయల్దేరేది దాని నుంచే. బ్లేళ్ళు తిప్పే పీటీఓ క్లచ్ ముందు కొసన ఉంటుంది. కొత్త ఇంజిన్‌కి చక్కగా కీవే (తాళం ముక్క కూర్చునే గాడి) ఉన్న షాఫ్ట్ కనిపిస్తోంది కదా అని ఆ వైపుని వెనక్కి తిప్పి బిగిస్తే, పంపు తిరగాల్సిన దిక్కుకి ఎదురు తిరుగుతుంది. మూడు గేర్ల బండి అయితే వెనక్కి మూడు గేర్లు, ముందుకి ఒక్కటి వస్తాయి, చూసి నవ్వుకోవచ్చు. హైడ్రో బండి అయితే నవ్వులాట కాదు, పెద్ద పంపుకి ఆయిల్ అందించాల్సిన చార్జ్ పంపు ఆయిలే ఇవ్వదు. కాబట్టి ఫ్లైవీల్ వెనకే ఉండాలి, దానికి బోల్టులతో బిగించే స్టబ్ షాఫ్ట్, అంటే పొట్టి షాఫ్ట్ ముక్క, పెట్టుకోవాలి. స్టబ్ బిగించాక ప్లగ్గులు విప్పేసి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పుతూ స్టబ్ మీద డయల్ గేజ్ (చిన్న కదలికని ముల్లుతో చూపే కొలత సాధనం) పెట్టండి. ముల్లు 0.05 మిల్లీమీటరు దాటి ఆడుతుంటే స్టబ్ సెంటర్‌లో లేదని అర్థం. దాన్ని సరిచేయకుండా ఇంజిన్ కింద ఎన్ని షిమ్ములు (ఎత్తు సరిచేసే పలుచని రేకులు) పెట్టినా దండగే.

పాత షాఫ్ట్ వంగిందేమో చూడటం తేలిక. అద్దం పలక మీద దొర్లిస్తే కింద వెలుతురు కనిపిస్తుంది.

ఇంజిన్ కూర్చోవడానికి 10 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటు కోయించుకోండి. ఇంజిన్ బోల్టుల రంధ్రాలు బోల్టు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దవిగా ఉంటే జరుపుకోవడానికి చోటుంటుంది. ముందు వెనకల స్థానం పీటీఓ బెల్టు లైన్ నిర్ణయిస్తుంది. ముందది కుదిర్చి, దానికి తగ్గట్టు షాఫ్ట్ పొడవు చూసుకోవాలి. పొడవు సరిపోయిందంటే రబ్బరు బిళ్ళలు చదునుగా ఉంటాయి. ముందుకో వెనక్కో ఉబ్బి ఉంటే షాఫ్ట్ పంపుని నెడుతోందో, లాగుతోందో అన్నమాట.

ఆ తర్వాత నాలుగు కాళ్ళూ ప్లేటుకి సమంగా ఆనాయా అన్నది. నాలుగూ బిగించి, ఒక్కో బోల్టు వదులు చేస్తూ ఆ కాలి మీద డయల్ గేజ్ పెట్టండి. కాలు 0.05 కంటే ఎక్కువ పైకి లేచిందంటే అది గాలిలో ఉంది, బోల్టు బలవంతాన కిందికి లాగి పట్టింది. లేచినంత మందం షిమ్ము దాని కింద పెట్టాలి. ఇది వదిలేస్తే తర్వాత తీసే కొలతలు ఒక్కసారీ నిలబడవు.

ఇప్పుడు అసలు పని. చాలామంది ఇంజిన్ దగ్గరి కప్లింగ్ చూసి షిమ్ములు మొదలుపెడతారు. నేను పంపు దగ్గరిది ముందు చూస్తాను, ఎందుకంటే పంపు కదలదు. దాని కప్లింగ్‌లో రెండు హబ్‌ల (షాఫ్టు కొసలకి బిగించిన, బిళ్ళకి అటూ ఇటూ ఉండే ముక్కల) మధ్య సందు పైనా కిందా, కుడీ ఎడమా సమానంగా ఉంటే షాఫ్ట్ పంపుకి నేరుగా ఉన్నట్టే, అంటే ఇంజిన్ హబ్ ఎత్తూ పక్కా రెండూ సరిపోయినట్టే. సందు కింద ఎక్కువ, పైన తక్కువ ఉంటే ఇంజిన్ ఎత్తులో ఉంది. పైన ఎక్కువైతే ఇంజిన్ కిందికుంది. బోల్టులు ఆనీ ఆననట్టు పెట్టి, ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే పలుచని రేకుల కట్టతో) నాలుగు చోట్లా కొలవండి. తర్వాత హబ్‌లతో సహా షాఫ్ట్ మొత్తాన్ని అర చుట్టు తిప్పి మళ్ళీ కొలిచి, రెంటి సగటు తీసుకోండి. హబ్ ముఖంలో ఉన్న వంకర అలా రద్దయిపోతుంది.

లెక్క కష్టమేమీ కాదు. హబ్ వ్యాసం 75 మిల్లీమీటర్లు, షాఫ్ట్ పొడవు 500 అనుకోండి. పంపు దగ్గర సందు తేడా 0.45 వస్తే, 0.45ని 500తో గుణించి 75తో భాగిస్తే 3. ఇంజిన్ మూడు మిల్లీమీటర్లు ఎత్తులో ఉందని తేలింది. అలా ఎత్తుంటే ప్లేటునే కిందికి దించాలి, తక్కువుంటే నాలుగు కాళ్ళ కిందా ఒకే మందం షిమ్ములు వేయాలి. పక్కకి తేడా ఉంటే షిమ్ముతో పనిలేదు, ఇంజిన్‌ని జరపడమే.

పంపు దగ్గర సందు సమానమయ్యాకే ఇంజిన్ దగ్గరి కప్లింగ్‌కి రండి. ఇక్కడ మిగిలిన తేడా అంతా ఇంజిన్ వాలుదే. సందు పైన ఎక్కువగా ఉంటే ఇంజిన్ వెనక భాగం లేచి ఉంది, ముందు కాళ్ళు ఎత్తాలి. తేడా 0.25, ముందు వెనక బోల్టుల మధ్య దూరం 200 అయితే, 0.25ని 200తో గుణించి 75తో భాగిస్తే దాదాపు 0.67. ముందు రెండు కాళ్ళ కిందా అంత షిమ్ము పడాలి. ముందు ఎత్తితే వెనకున్న హబ్ కొద్దిగా దిగుతుంది కాబట్టి మళ్ళీ పంపు దగ్గరికి వెళ్ళి చూడాలి. విసుగనిపిస్తుంది, కానీ ప్రతి సారికీ తేడా తగ్గుతూ వస్తుంది. రెండు చోట్లా సందు తేడా 0.1 లోపు వస్తే నేను ఆపేస్తాను. గడ్డి కోసే బండికి అంతకంటే చాదస్తం అక్కర్లేదు.

షిమ్ములంటే ఇత్తడి రేకో, స్టెయిన్‌లెస్ రేకో. మా అబ్బాయి కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి "నాన్నా, ఇది సరిగ్గా 0.1 ఉంది" అని తెచ్చాడు. కొలత నిజమే, కానీ మెత్తటి అల్యూమినియం, వైబ్రేషన్‌కి నలిగిపోతుంది. అంచనా కోసం వాడుకోవచ్చు, అలాగే వదిలేయకూడదు. ఒక కాలి కింద మూడు నాలుగు కంటే ఎక్కువ రేకులు పేర్చొద్దు. అవసరమైతే ఒక మందపాటి ముక్క వేసి, మిగతాది సన్నవాటితో సరిచేయండి.

బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. బిగిస్తున్నప్పుడే ఇంజిన్ పక్కకి జరుగుతుంది, అందుకని పూర్తిగా బిగిశాక రెండు కప్లింగులూ ఇంకోసారి కొలవాలి. హబ్‌లని షాఫ్టుకి పట్టి ఉంచే రోల్ పిన్నులు పాతవి పెట్టకండి.

నాలుగైదు గంటలు నడిపాక మూత విప్పి కప్లింగుల కింద వేలు పెట్టి చూడండి. నల్లటి రబ్బరు పొడి వేలికి అంటితే లైన్ ఇంకా కలవలేదు. పొడి పంపు వైపు పడిందంటే ఎత్తో పక్కో తేడా, ఇంజిన్ వైపే పడిందంటే వాలు తేడా. బోల్టులు ఇంకోసారి బిగించి, ఆ కొస నుంచే మళ్ళీ ఫీలర్ గేజ్ మొదలుపెట్టండి.