నాలుగో పాఠం: ఎరేజ్ నొక్కేసినవాళ్ళ కోసం

పోయినసారి కారులో ఇంజన్ లైటు వెలిగితే, రీడర్ తగిలించి తప్పు కోడ్ చదవడం చెప్పాను, చదివాక ఏం చెయ్యకూడదో చెప్పలేదు. తప్పు నాదే. మీలో చాలామంది పీ0303 అని రాసుకుని వెంటనే రీడర్లో కోడ్ చెరిపే ఎరేజ్ నొక్కేశారు. లైటు ఆరింది, నాలుగు రోజులకి బండి మళ్ళీ కుదపడం మొదలెట్టింది. ఇవాళ చెప్పాల్సిన ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచి తగ్గిస్తోందో, వచ్చే పాఠానికి.

ఎరేజ్ నొక్కితే పోయేది కోడ్ ఒక్కటే కాదు. కోడ్ పడిన క్షణాన ఇంజన్ ఎలా ఉందో కంప్యూటర్ కొన్ని అంకెలు దాచుకుంటుంది. అదే ఫ్రీజ్ ఫ్రేమ్. అదీ పోతుంది. రెడీనెస్ మానిటర్లూ, అంటే కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలూ, మొదటికొస్తాయి. బ్యాటరీ తీగ పీకి లైటు ఆర్పేవాళ్ళు చేసేదీ ఇదే. ఎప్పుడూ ఉండే జబ్బయితే మళ్ళీ దొరుకుతుంది. వచ్చిపోయే జబ్బుకి ఆ అంకెలే సాక్ష్యం, దాన్ని మన చేత్తో మనమే తుడిచేస్తున్నాం.

పీ0303 అంటే మూడో సిలిండర్లో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగ్గా అంటుకోలేదని. అంతవరకే. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) 90 డిగ్రీలు, ఆర్‌పీఎమ్ 3100, లోడ్ (ఇంజన్ మీద పడే భారం) 82 శాతం ఉందనుకోండి. ఎత్తు ఎక్కుతూనో, ఓవర్‌టేక్ చేస్తూనో ఉన్నారన్నమాట. లోడ్ పెరిగితే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ వోల్టేజీ ఇచ్చే కాయిల్ నీరసిస్తే అక్కడే చేతులెత్తేస్తుంది. అదే కోడ్ 780 ఆర్‌పీఎమ్, వేగం 0 దగ్గర పడితే నేను ముందు గాలి లీకు చూస్తాను. కూలెంట్ 24 ఉంటే చల్లటి ఇంజన్, దాని కథ వేరు.

కాయిల్ మీద అనుమానమా? కొత్తది కొనకండి. ఇంజన్ ఆపి, చల్లారాక మూడో కాయిల్‌ని ఒకటో దానితో మార్చండి. ప్లగ్ జోలికి పోవద్దు; రెండూ కలిపి మారిస్తే దొంగ ఎవరో తేలదు. ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీశాక, ఇప్పుడు నొక్కండి ఎరేజ్. ఈసారి పీ0301 వస్తే దోషం కాయిల్‌దే. మళ్ళీ పీ0303 అంటే ప్లగ్, ఆ తర్వాత ఇంజెక్టర్.

లైటు వెలిగే దాకా ఆగక్కర్లేదు. చాలా కోడ్‌లకి వరసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనబడితేగానీ లైటు రాదు. మొదటిసారికే రీడర్లో పెండింగ్ కోడ్‌ల జాబితాలో చేరుతుంది. నేను ముందు చూసేది అక్కడే. లైటు మిణుకుతుంటే మాత్రం యాక్సిలరేటర్ వదిలేసి బండి పక్కన ఆపండి, కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.

అభ్యాసం: వారం పాటు రోజుకి రీడర్ తెరవి మూడు ఫోటోలు. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు, ఇరవై నిమిషాలు నడిచాక, ఎత్తు మీద. ఫోటో పక్కవాళ్ళతో తీయించండి, నడుపుతూ కాదు. లైవ్ డేటాలో (ఇంజన్ నడుస్తుండగా కనబడే అంకెల్లో) కూలెంట్, ఆర్‌పీఎమ్, షార్ట్, లాంగ్ అనే రెండు ఫ్యూయల్ ట్రిమ్‌లు, ఈ నాలుగే పెట్టుకోండి; చవక బ్లూటూత్ రీడర్లో పది పెడితే అంకెలు నత్తనడక నడుస్తాయి. బండి బాగున్న రోజు కూడా తియ్యాలి. ఏసీ వేశారో లేదో పక్కన రాయండి. ఆ ఇరవై ఒక్క ఫోటోల మీదే వచ్చే పాఠం నడుస్తుంది.