1/32 స్పిట్‌ఫైర్: ఇంజను మూతలు సరిగ్గా కూర్చోవాలంటే

స్పిట్‌ఫైర్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం. దాన్ని 32వ వంతుకు తగ్గించి జపాన్ కంపెనీ టమియా చేసిన 1/32 స్పిట్‌ఫైర్ మార్క్ 8 ప్లాస్టిక్ మోడల్ కిట్‌లో మెర్లిన్ ఇంజను మొత్తం ఉంటుంది. దాన్ని కప్పే కౌలింగ్ మూతలు చిన్న అయస్కాంతాలతో నిలుస్తాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి పెట్టుకోవచ్చు. రెక్కల కొస నుంచి కొసకు 35 సెంటీమీటర్లుండే ఈ మోడల్‌లో చాలామంది చిక్కుకునేది ఆ మూతల దగ్గరే. భాగాల మధ్య సందు ఎంత తక్కువంటే, పూసిన రంగు మందం కూడా కొలతలోకి వస్తుంది. ఈ స్కేల్‌లో 0.1 మిల్లీమీటరు తేడా అసలు విమానం మీద 3.2 మిల్లీమీటర్లతో సమానం.

కాబట్టి ఒక భాగం ఇంకో భాగానికి ఆనే ప్రతిచోటా ప్లాస్టిక్ బోసిగానే ఉండాలి. రంగు కొట్టేముందు ఆ అంచులకు సన్నగా కోసిన మాస్కింగ్ టేపు అంటించండి. మర్చిపోతే రంగు ఆరాక బ్లేడును నిలువుగా పట్టి గీకేయండి. రంగు మీద సిమెంట్ (ప్లాస్టిక్ మోడళ్ల జిగురు) వేస్తే అది ప్లాస్టిక్‌ను కరిగించి కలపలేదు, రంగు పొరనే పట్టుకుంటుంది. కొంచెం ఒత్తిడి పడగానే అతుకు ఊడిపోతుంది.

భాగాన్ని స్ప్రూ (భాగాలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి ఒకే కోతతో తీయకండి. ముందు ఒక మిల్లీమీటరు ముక్క వదిలి కత్తిరించి, మిగిలింది బ్లేడుతో చెక్కి, 600, ఆపై 1000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. ఇంజనును మోసే సన్నటి కడ్డీల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాటిలో ఒక్కటి పక్కకు వాలినా ఇంజను వంకరగా కూర్చుంటుంది, దానితోపాటు మూతలన్నీ పక్కకు జరుగుతాయి. కడ్డీలు అతికించాక సిమెంట్ గట్టిపడకముందే, మూతలను టేపుతో తాత్కాలికంగా బిగించి రాత్రంతా అలాగే వదిలేయండి.

అయస్కాంతం తన గుంటలో అంచుకు సమంగా దిగాలి. వెంట్రుకవాసి పైకి ఉన్నా మూత లేచి కనిపిస్తుంది. రెండు అయస్కాంతాలు ఎదురెదురుగా వచ్చే చోట, సూపర్ గ్లూ వేయకముందే ఏ ముఖాలు ఆకర్షించుకుంటున్నాయో చూసి మార్కర్‌తో చుక్క పెట్టండి. గ్లూను టూత్‌పిక్ కొనతో చుక్క మాత్రమే పెట్టాలి. పారదర్శక భాగాల దగ్గర సూపర్ గ్లూ అసలు వద్దు, దాని ఆవిరికి కెనోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక కప్పు) తెల్లగా మసకబారుతుంది.

కాక్‌పిట్ లోపల ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు వస్తుంది. సీటు మాత్రం ఎర్రటి గోధుమ రంగు, ఎందుకంటే అసలు విమానంలో దాన్ని రెసిన్ పట్టించిన పదార్థంతో చేశారు. తలుపుకున్న గునపాన్ని ఎర్రగా వేయడం ఈనాటి పునరుద్ధరించిన విమానాలను చూసి వచ్చిన అలవాటు. యుద్ధకాలపు విమానానికి అది వద్దు.

బయటి రంగుకు ఎయిర్‌బ్రష్‌లో (గాలితో రంగు చిమ్మే పరికరం) 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 18 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు. టమియా ఎక్రిలిక్‌లో ఆ కంపెనీ లాకర్ థిన్నర్‌నే (రంగును పలచబరిచే ద్రవం) సమానంగా, లేదా కాస్త ఎక్కువగా కలపండి. 8-10 సెంటీమీటర్ల దూరం నుంచి పలచటి పొరలుగా కొట్టండి. మూతల మీద ప్రైమర్ పొర లేకపోయినా పర్వాలేదు, చిక్కటి పొర మాత్రం పడకూడదు. రంగు గరుకుగా పడితే దూరం ఎక్కువైందని, లేదా థిన్నర్ తక్కువైందని అర్థం. సాలీడు కాళ్లలా పాకితే థిన్నర్ గానీ ఒత్తిడి గానీ ఎక్కువైంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలం ఇలా లాకర్ థిన్నర్ కలిపిన రంగు తెల్లబారుతుంది. థిన్నర్ త్వరగా ఆవిరై ఉపరితలం చల్లబడటంతో గాలిలోని తేమ అక్కడ చేరడమే దానికి కారణం. పొడి రోజు దాకా ఆగండి, లేదా రంగు ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలపండి.

మన పాఠకులకు ఈ కిట్ మీద వేయదగ్గ గుర్తులు బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన 152 హైదరాబాద్ స్క్వాడ్రన్‌వి. నిజాం విరాళం వల్ల ఆ పేరొచ్చిన ఈ దళం చిహ్నంలో ఆయన తలపాగా ఉంటుంది. బర్మాలో దాని మార్క్ 8 విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుత కనిపించేది. అక్కడి రౌండెల్‌లో (విమానం మీద ఉండే గుండ్రటి దేశ గుర్తు) ఎరుపు ఉండదు, ముదురు నీలం మధ్యలో లేత నీలం మాత్రమే. జపాన్ విమానాల మీది ఎర్రటి గుండ్రటి గుర్తుగా పొరబడకూడదని ఎరుపు తీసేశారు. పై రంగు విమానాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీరు ఎంచుకున్న విమానం ఫోటో ముందు సంపాదించండి.

రౌండెల్‌ను డీకాల్‌గా (నీటిలో నానబెట్టి అంటించే పలచటి బొమ్మ) అంటించే కంటే మాస్క్ కోసి రంగు కొట్టడమే మేలు. టమియా డీకాల్స్ మందంగా ఉండి ప్యానెల్ గీతల్లోకి దిగవు. డీకాల్ వాడక తప్పకపోతే మెరుపు వార్నిష్ కొట్టి 24 గంటలు ఆరనిచ్చి, గోరువెచ్చటి నీటిలో 20 సెకన్లు నానబెట్టి, డీకాల్‌ను మెత్తబరిచే సాఫ్టెనర్ వేశాక ముట్టుకోకుండా వదిలేయండి. ముడుతలు అవే పోతాయి. మెరుపు లేని రంగు మీదే నేరుగా వేస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది.

చివరగా వీపు మీది యాంటెనా స్తంభం. అక్కడి నుంచి తోకకు తీగ కట్టాలని చాలామందికి అనిపిస్తుంది. ఈ విమానం రేడియో వీహెచ్‌ఎఫ్ (అతి అధిక పౌనఃపున్యం) రకం, స్తంభమే యాంటెనా కాబట్టి తీగ ఉండదు.