కారవాన్‌లో టీవీ, 3వ పాఠం: డిష్ తిప్పడం

బ్యాటరీ, వైరింగ్ పోయిన పాఠంతో అయిపోయాయి. ఇప్పుడు డిష్. మనం పట్టేది దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్, నెలనెలా కట్టాల్సిందేమీ లేదు.

చాలామంది మంచి నీడ చూసి ట్రెయిలర్ ఆపేసి, ఆ తర్వాత డిష్ బయటికి తీస్తారు. బండి ఆపకముందే ఆకాశం చూడాలి. ఫ్రీ డిష్ చానెళ్లు జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తాయి. అది భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. కాబట్టి మనకది ఆగ్నేయంలో పడుతుంది, దిక్సూచిలో 138 డిగ్రీలు. ఇంట్లో పొయ్యి పెట్టే మూల అని గుర్తుపెట్టుకోండి. అనంతగిరి వెళ్లినా, నాగార్జునసాగర్ వెళ్లినా ఒకటి రెండు డిగ్రీలకు మించి తేడా రాదు.

ఫోన్‌లో దిక్సూచి చూసేటప్పుడు ట్రెయిలర్ నుంచి పది అడుగులు అవతలికి వెళ్లండి, ఇనుము దగ్గర అది తప్పు చూపిస్తుంది. 138 వైపు బాగా దూరంగా ఉన్న ఒక బండనో, స్తంభాన్నో గుర్తు పెట్టుకుని వెనక్కి రండి.

ఇక ఎత్తు, అంటే నేలమట్టం నుంచి ఉపగ్రహం వైపు పైకి చూడాల్సిన కోణం, 63 డిగ్రీలు. ఇది మనకు కలిసొచ్చే విషయం. ఆ వైపు చెట్టు డిష్ కంటే ఎంత ఎత్తుందో అందులో సగం దూరం వదిలితే చాలు: 20 అడుగులైతే 10 అడుగులు. కొలత మొదలు నుంచి కాదు, కొమ్మల అంచు నుంచి. పల్చటి ఆకులే కదా అనుకోవద్దు, అవి కూడా సిగ్నల్‌ను మింగేస్తాయి.

స్టాండ్ గొట్టం నిటారుగా ఉండాలి. దారానికి బోల్టు కట్టి పక్కన వేలాడదీస్తే తెలిసిపోతుంది. సెట్‌టాప్ బాక్స్ ఆఫ్ చేశాకే కేబుల్ బిగించండి, అందులో ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు చేతికి చివర ఉండే, సిగ్నల్ పట్టే చిన్న పరికరం) 13 నుంచి 18 వోల్టుల కరెంటు వెళ్తుంది.

బాక్స్‌లో రెండు గీతలు కనిపిస్తాయి: స్ట్రెంత్, క్వాలిటీ. అనంతగిరిలో మొదటిసారి నేను స్ట్రెంత్ గీతనే నమ్మి రెండు గంటలు తిప్పాను. అది నిండుగానే ఉంది, బొమ్మ మాత్రం రాలేదు. సాయంత్రం యాదగిరి చానెల్ వార్తల కోసం కూర్చున్న అమ్మ చూసి చూసి పడుకుంది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. డిష్ ఎటు తిరిగి ఉన్నా, ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, స్ట్రెంత్ ఎంతోకొంత చూపిస్తుంది. సరైన ఉపగ్రహం దొరికితేనే క్వాలిటీ లేస్తుంది. చూడాల్సింది దాన్నే.

డిష్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ, ప్రతిసారీ మూడు నాలుగు సెకన్లు ఆగండి. బాక్స్ సిగ్నల్‌ను గుర్తుపట్టడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. మామూలు ఇంటి డిష్‌లో ఎల్‌ఎన్‌బీ చెయ్యి కిందికి ఉంటుంది కాబట్టి, డిష్ ముఖం 63 దాకా ఎత్తినట్టు కనపడదు, దాదాపు 40 దగ్గరే ఆగుతుంది. భయపడి ఇంకా ఎత్తకండి. క్వాలిటీ లేచాక ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలోనే కొంచెం కొంచెం తిప్పుతూ ఇంకా పెంచండి, తర్వాత నట్లు బిగించండి.

ఈ వారం మేడమీద మూడుసార్లు విప్పి, మళ్లీ కట్టండి. మూడోసారి పావుగంటలో బొమ్మ వస్తే నాలుగో పాఠానికి రండి. అందులో గాలికి స్టాండ్ కదలకుండా ఎలా కట్టాలో చూద్దాం.