వేటకోటు నగరానికొచ్చింది: వ్యాక్స్ జాకెట్ ఎలా ఎంచుకోవాలి, మైనం ఎలా పట్టించాలి?

బార్బర్ అనే బ్రిటిష్ కంపెనీ పేరుతో ఇవాళ దుకాణాల్లో వేలాడే వ్యాక్స్ జాకెట్లు, అంటే వాన ఆపేందుకు మైనం పట్టించిన నూలుబట్ట కోట్లు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, అవి రెండు రకాలు. కొన్ని గుర్రపు స్వారీకి, పక్షుల వేటకి కుట్టిన పాత నమూనాలు. మిగతావి ఆ రూపాన్ని మాత్రం నిలుపుకుని, నగరంలో తిరిగేవాళ్ళ కోసం సన్నగా, తేలిగ్గా కుట్టినవి. కొత్తదైతే చాలావాటి ధర 200 పౌండ్ల పైమాటే. బ్రిటన్‌లో చదువుకో ఉద్యోగానికో ఉంటున్న మనవాళ్ళు అంత డబ్బు పెట్టేముందు ఏది ఏ రకమో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. కొన్నాక దానికి మైనం మళ్ళీ పట్టించడం కూడా నేర్చుకుంటే ఆ కోటు ఏళ్ళ తరబడి వానని ఆపుతుంది. వాషింగ్ మెషీన్లో వేశారా, ఆ రోజుతో సరి.

ముందు కాస్త చరిత్ర

1894లో జాన్ బార్బర్ ఈశాన్య ఇంగ్లండ్‌లోని రేవు పట్టణం సౌత్ షీల్డ్స్‌లో వ్యాపారం మొదలుపెట్టాడు. నావికులకీ, జాలర్లకీ, రేవు కూలీలకీ తడవని బట్టలు అమ్మేవాడు. ఆ కాలపు నూనెబట్టకి అవిసె నూనె పట్టించేవారు. చలికి అది బిరుసెక్కేది, రోజులు గడిచేకొద్దీ పసుపు తిరిగేది. ఆ లోపాలు లేని మైనపు నూలుబట్ట 1930లలో స్థిరపడింది. 1980లో గుర్రపు స్వారీ కోసం బెడేల్, 1983లో తుపాకీ వేట కోసం బ్యూఫోర్ట్ అనే నమూనాలు వచ్చాయి. లండన్‌లో స్లోన్ రేంజర్లని పేరుపడ్డ సంపన్న కుటుంబాల యువత, పల్లె ఎస్టేట్లలో తొడిగే కోటునే నగర వీధుల్లోనూ తొడగడం మొదలుపెట్టింది ఆ దశాబ్దంలోనే.

మిగతా పల్లె బ్రాండ్లదీ ఇదే దారి. ఎడిన్‌బరోలో 1856లో రబ్బరు కంపెనీగా పుట్టిన హంటర్ బూట్లు, 2005లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం బురదలో మోడల్ కేట్ మాస్ కాళ్ళకి కనిపించాక ఫ్యాషన్ అయ్యాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో కుక్కలతో నక్కలని వేటాడటం మీద నిషేధం అమల్లోకి వచ్చిందీ ఆ ఏడాదే. తుపాకులు చేసే హాలండ్ అండ్ హాలండ్‌ని 1989లో ఫ్యాషన్ సంస్థ షనెల్ కొనుక్కుంది, 2021లో తుపాకుల కంపెనీ బెరెట్టాకి అమ్మేసింది. హంటర్ అయితే అంత పేరొచ్చాక కూడా 2006లో ఒకసారి, 2023లో మరోసారి అప్పుల్లో చిక్కుకుని చేతులు మారింది. కాబట్టి కాలర్ మీద పేరు చూసి కొనకండి. కోటుని విప్పి చూడండి.

ఒకటో పని: కోటు ఏ పనికి కుట్టిందో చూడటం

బ్యూఫోర్ట్ వెనక్కి తిప్పితే నడుం కింద అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా పెద్ద జేబు ఉంటుంది. కొట్టిన పక్షులని వేసుకునే జేబు అది. నెత్తురు తుడిస్తే పోయేలా లోపల నైలాన్ గుడ్డ వేస్తారు, రెండు పక్కల నుంచీ జిప్పు తీయొచ్చు. ఇప్పుడు ఆ జేబులో వార్తాపత్రికో టాబ్లెటో పెట్టుకుంటున్నారు, అందుకూ అది బాగానే పనికొస్తుంది. బెడేల్‌కి ఆ జేబు ఉండదు. గుర్రం మీద కూర్చుంటే కోటు పైకి ఎగబాకకుండా వెనక రెండు చీలికలు ఉంటాయి, చేతుల లోపల మణికట్టుకి పట్టే అల్లిక కఫ్‌లు ఉంటాయి. బ్యూఫోర్ట్ కఫ్‌కి వెల్‌క్రో పట్టీ ఉంటుంది. గాలి గట్టిగా వీచే ఊళ్ళో ఉండేవాళ్ళకి బెడేల్ కఫే మేలు.

రెండింటికీ ఉమ్మడిగా ఉండేవి మరికొన్ని: చేతి తొడుగులతోనే లాగేందుకు జిప్పుకి పెద్ద లోహపు రింగు, తూటాల బరువుకి సాగే మడత జేబులు, వాటికి పైన చేతులు వెచ్చబెట్టుకోవడానికి మెత్తటి గుడ్డ వేసిన ఏటవాలు జేబులు, మెడని ఒరుసుకోకుండా కార్డురాయ్ కాలర్, ఆ కాలర్ కింద విడిగా అమ్మే టోపీని తగిలించడానికి టిచ్ బటన్లు. ఇవన్నీ ఉంటే అది పనికోటు. మడత జేబు బదులు చదును జేబు, చిన్న జిప్పు, టోపీ తగిలించే వీలు లేకపోవడం, నడుం దగ్గర బిగుతు కనిపిస్తే నగరం కోసం కుట్టిందని అర్థం.

బట్ట బరువు కూడా అడగండి. వ్యాక్స్ బట్ట బరువుని చదరపు గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు: 4 ఔన్సులంటే చదరపు మీటరుకి సుమారు 135 గ్రాములు, 6 అంటే 200, 8 అంటే 270. రోజూ వానలో నడిచేవాళ్ళకి 6 సరిపోతుంది. 4 ఔన్సులది వసంతంలో హాయిగా ఉంటుంది గానీ ముళ్ళ కంచె తగిలితే తొందరగా చిరుగుతుంది. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండి మైనమే లేని రకాలు కూడా అదే దుకాణంలో దొరుకుతాయి. కారు సీట్లకీ లేతరంగు సోఫాలకీ మైనం అంటుతుందని బాధపడే కొనుగోలుదారుల కోసం వచ్చినవి అవి. ఆఫీసుకీ మెట్రోకీ మాత్రమే వాడేవాళ్ళు సంకోచం లేకుండా వాటినే తీసుకోవచ్చు, కింద చెప్పే పనంతా తప్పుతుంది. అవన్నీ జోరువాన ఆపుతాయని మాత్రం అనుకోవద్దు.

కొలత

పాత నమూనాల కొలత ఛాతీ అంగుళాల్లో ఉంటుంది. లోపల మందపాటి స్వెట్టర్ వేసుకుంటారని లెక్కగట్టే వదులుగా కుట్టారు. మీరు ఎప్పుడూ చొక్కా మీదే వేసుకునేటట్లయితే ఒక కొలత తగ్గించుకోండి. తొడుక్కుని రెండు చేతులూ ముందుకి చాపండి, ఆ తర్వాత వాటిని తలకన్నా పైకి ఎత్తండి. వీపు పట్టేసినా, కఫ్ మణికట్టు దాటి రెండు అంగుళాలు వెనక్కి పోయినా ఆ కొలత మీది కాదు.

పాతది కొనేటప్పుడు

నిజానికి పాతది కొనడమే తెలివైన పని. ఈ కోట్లు బాగుచేసి వాడటానికే కుట్టినవి. లోపలి లేబుల్ మీద రాజముద్రలు (రాజకుటుంబానికి సరుకు ఇచ్చే కంపెనీలకి దక్కే గుర్తులు) లెక్కపెడితే వయసు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. కంపెనీకి 1974లో రాణి ఎలిజబెత్ భర్త ఎడిన్‌బరో డ్యూక్ నుంచి, 1982లో రాణి నుంచి, 1987లో అప్పటి వేల్స్ యువరాజు చార్లెస్ నుంచి ముద్రలు వచ్చాయి. పాత కోటు మీద ఒక్క ముద్రే ఉంటే 1974–82 నడుమది, రెండుంటే 1982–87 నడుమది, మూడుంటే ఆ తర్వాతది; ఈమధ్య కుట్టినవాటికి మాత్రం ఈ లెక్క పనిచేయదు.

తర్వాత వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. మోచేతుల దగ్గర, జేబు మూలల్లో, కఫ్ అంచుల్లో సూదిమొన అంత వెలుగు కనిపించినా బట్ట అరిగిందని అర్థం. కుట్టు విడిపోతే భయం లేదు. బట్టే పలచబడితే అతుకు తప్పదు. జిప్పు కింది చివర పళ్ళు విరిగాయేమో చూడండి, జిప్పు మార్పించడం చవక కాదు. చివరగా వాసన చూడాలి. మైనం వాసన మామూలే, కొన్నాళ్ళకి తగ్గుతుంది. బూజు వాసన లోపలి అస్తరుకి పట్టిందంటే వదిలించడం కష్టం, ఆ కోటు వదిలేయండి. బట్ట ఎక్కడా జిడ్డు లేకుండా మెత్తగా, రంగు వెలిసి ఉంటే ఎవరో సబ్బుతో ఉతికేశారని అనుమానించాలి. అలా ఉతికిన బట్ట మైనాన్ని మళ్ళీ సమంగా పట్టుకోదు.

అసలు పని: మైనం పట్టించడం

రోజూ వాడితే ఏడాదికి ఒకసారి చాలు. సెప్టెంబరులో చేసుకుంటే చలికాలం వానలకి సిద్ధంగా ఉంటుంది. సమయం వచ్చిందో లేదో తెలియాలంటే భుజం మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి. ముత్యాల్లా జారిపోతే ఇంకా ఆగొచ్చు, చుక్క పరుచుకుని బట్ట నల్లబడితే ఆలస్యమైనట్టే. భుజాలు, మోచేతులు, జేబు మూతల అంచులు అన్నిటికన్నా ముందు ఎండిపోతాయి.

కావలసినవి: 200 మిల్లీలీటర్ల మైనం డబ్బా ఒకటి, పాత నూలుగుడ్డలు మూడు, గట్టి స్పాంజి ఒకటి, హెయిర్ డ్రయ్యర్, మందపాటి చెక్క హ్యాంగర్, బల్ల మీద పరచడానికి పాత దుప్పటి. డబ్బా ఆ కంపెనీదే కొనండి. కొవ్వొత్తి మైనం ఒక్కటే కరిగించి రాస్తే చల్లారాక మడతల్లో తెల్లగా పగులుతుంది. వంటింట్లో ఉంది కదా అని కొబ్బరినూనె లాంటివి రాయకండి. బట్టకి మరక పడుతుంది, దుమ్ము పట్టుకుంటుంది, వాన మాత్రం ఆగదు.

ముందురోజు కోటుని శుభ్రం చేయాలి. బురద ఆరనిచ్చి బ్రష్షుతో రాల్చి, చన్నీళ్ళలో ముంచి పిండిన స్పాంజితో పైభాగం తుడవండి. సబ్బు వద్దు, వేడినీళ్ళు వద్దు, డ్రై క్లీనింగ్ అసలే వద్దు. మూడూ బట్టలోని మైనాన్ని లాగేస్తాయి. జేబులు తిరగేసి చెత్త దులపండి. తుడిచాక రాత్రంతా గదిలోనే ఆరాలి, హీటరు మీద వేయకూడదు. తడి మిగిలిన చోట మైనం ఇంకదు. సగం కోట్లు మచ్చలు మచ్చలుగా తయారవడానికి కారణం ఈ తొందరే.

మర్నాడు గిన్నెలో నీళ్ళు మరిగించి పొయ్యి ఆపేయండి. మూత తీసిన డబ్బాని ఆ నీళ్ళలో సగం మునిగేలా 20 నిమిషాలు ఉంచండి. డబ్బాని నేరుగా మంట మీద పెట్టొద్దు, అంటుకుంటుంది. లోపలి మైనం పూర్తిగా నీళ్ళలా పలచబడాలి. ముద్దలుగా ఉండగానే మొదలుపెడితే బట్ట పైపైన పేరుకుపోతుంది. పని జరుగుతున్నంతసేపూ డబ్బా ఆ వేడినీళ్ళలోనే ఉండాలి, చల్లారితే నీళ్ళు మార్చండి. గది కూడా వెచ్చగా ఉండాలి. జనవరిలో చల్లటి గ్యారేజీలో చేస్తే స్పాంజి బట్టని తాకేలోపే మైనం గడ్డకడుతుంది.

కోటుని జిప్పు పెట్టి వీపు పైకి వచ్చేలా పరచండి. స్పాంజి కొసని మైనంలో అద్ది, అరచేయంత చోటు మాత్రమే తీసుకుని, గుండ్రంగా తిప్పుతూ నొక్కి రాయండి. ముందు కుట్లు పూర్తి చేసుకోవాలి. సూది పోయిన ప్రతి రంధ్రమూ వానకి దారే కాబట్టి భుజం కుట్టు, చంక చుట్టూ ఉండే కుట్టు, చేతి పొడవునా పోయే కుట్టుకి రెండుసార్లు పట్టించండి. తర్వాత వీపు, చేతులు, ముందుభాగాలు, జేబు మూతలు, ఆ మూతల కింది అంచులు. కాలర్ కార్డురాయ్‌కి, చేతులు వెచ్చబెట్టుకునే జేబుల లోపలికి, అస్తరుకి మైనం తగలకూడదు. తగిలితే అది మీ చొక్కాకీ, ఫోనుకీ, చేతులకీ అంటుతూనే ఉంటుంది.

ఒక భాగం రాయగానే హెయిర్ డ్రయ్యర్‌ని 15 సెంటీమీటర్ల దూరంలో పట్టి ఆగకుండా కదుపుతూ వేడి ఇవ్వండి. పాలిపోయినట్టున్న పూత తడిసినట్టు మెరిసి, మెల్లగా బట్టలోకి ఇంకిపోతుంది. ఇంకాక పొడి గుడ్డతో ఒకసారి ఒత్తి తుడిచి, తర్వాతి భాగానికి వెళ్ళండి. ఓపిక అవసరమయ్యే చోటు ఇదే. రాయడం కన్నా వేడి ఇవ్వడానికే ఎక్కువ సమయం పట్టాలి. బాగా ఎండిన కోటుకి డబ్బా అంతా పడుతుంది, ఏటా చేసే కోటుకి సగంతో సరిపోతుంది. డబ్బా ఖాళీ చేయాలని మాత్రం పూయకండి.

పూర్తయ్యాక వెలుతురులో పట్టి చూడండి. తెల్లటి చారలు కనిపిస్తే అక్కడ మైనం ఇంకలేదు, మళ్ళీ వేడి ఇస్తే పోతాయి. వేలు పెడితే అంటుకుంటోందంటే ఎక్కువైంది, వేడి చేసి కొత్త గుడ్డతో లాగేయండి. రంగు ముదిరిందని కంగారు పడొద్దు, వాడేకొద్దీ తేలికపడుతుంది. చెక్క హ్యాంగర్‌కి వేసి, పక్కన మరో బట్ట లేకుండా వెచ్చటి చోట రాత్రంతా ఉంచండి. మొదటి రెండు మూడు రోజులు కారులో కూర్చునేముందు సీటు మీద పాత తువ్వాలు వేసుకోండి.

ఇంట్లో ఇంత చోటు లేనివాళ్ళు సౌత్ షీల్డ్స్ ఫ్యాక్టరీకే పంపొచ్చు. డబ్బు తీసుకుని మైనం పట్టించి, చిరుగులు కూడా బాగుచేసి పంపుతారు.

చిరుగు పడితే

వ్యాక్స్ బట్టకి గుండుసూది గుచ్చకండి. ఆ రంధ్రం మళ్ళీ మూసుకోదు. బ్యాడ్జీలు కూడా పెట్టొద్దు. అతుకుని క్లిప్పులతో పట్టి ఉంచి, చిరుగు కంటే అన్ని వైపులా ఒక అంగుళం పెద్దదైన వ్యాక్స్ బట్ట ముక్కని లోపలి నుంచి పెట్టి, ఒకే వరసలో కుట్టి, ఆ కుట్టు మీద మైనం రాయండి. ఇస్త్రీతో అంటించే ప్యాచ్‌లు జిడ్డు బట్ట మీద నిలవవు.

హైదరాబాదుకో విశాఖకో తెచ్చుకుంటే

నిజం చెప్పాలంటే మన వానాకాలానికి ఇది పనికిరాదు. మైనపు బట్టలోంచి గాలి సరిగా ఆడదు. చలీ వానా కలిసొచ్చే చోటికి కుట్టిన కోటు ఇది, 28 డిగ్రీల ఉక్కలో తొడిగితే బయటి తడి కన్నా లోపలి చెమట ఎక్కువవుతుంది. డిసెంబరులో లంబసింగి పొద్దుటికో, ఉత్తరాది ప్రయాణానికో సరిపోతుంది.

విమానంలో తెచ్చేటప్పుడు అస్తరు బయటికి వచ్చేలా తిరగేసి, పాత దిండు గలీబులో పెట్టండి. ఇంట్లో ప్లాస్టిక్ కవరు తొడగొద్దు, కోస్తా తేమకి నెల తిరిగేలోపు బూజు పడుతుంది. నూలు కవరు వేసి, పట్టుచీరలకి దూరంగా, గాలి ఆడే బీరువాలో వేలాడదీయండి. ఎండాకాలంలో తలుపులు వేసిన కారులో వదిలేస్తే మైనం మెత్తబడి సీటుకి దిగుతుంది. వానాకాలం అయిపోయాక ఒకసారి తీసి, జేబులు తిరగేసి, నీడలో రోజంతా ఆరేయండి. తెల్లటి బూజు చుక్కలు కనిపిస్తే చన్నీటి స్పాంజితో తుడిచి, పూర్తిగా ఆరాకే మైనం డబ్బా తెరవండి.