వానలు మొదలవ్వకముందే మిద్దె తోటలో చేస్కోవాల్సిన పనులు

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్ని దాటించి మొక్కల్ని ఎలాగోలా బతికించుకున్నాం, మృగశిర వచ్చేస్తే ఇంక మనం చూస్కోనక్కర్లేదు, వానే పెంచుతుంది అనుకుంటాం కదా, నేను కూడా మొదటి రెండేళ్ళు అలాగే అనుకున్నా. కానీ హైదరాబాద్‌లో మా మిద్దె మీద మే నెలలో పోయిన మొక్కల కంటే జులై, ఆగస్టులో పోయినవే ఎక్కువ. ఎండకి పోయేది మన కళ్ళ ముందే ఎండిపోతుంది, ఓ చెంబెడు నీళ్ళు పోస్తే తేరుకుంటుంది కూడా. వానకి పోయేది మట్టి లోపల్నుంచి పోతుంది, మనకి తెలిసేసరికి చెయ్యడానికి ఏమీ మిగలదు. అందుకే ఈ పనులన్నీ మే ఆఖరి వారంలోనో, లేటైనా జూన్ మొదటి వారంలోనో అయిపోవాలి.

మా నిమ్మ మొక్క సంగతి చెప్తా, దాంతో మొత్తం అర్థమవుతుంది. 20 లీటర్ల పెయింట్ బకెట్‌లో మూడేళ్ళు పెరిగిన చెట్టు, ఆ ఏడాది జులైలో వారం రోజులు ముసురు పట్టాక ఆకులు పసుపు తిరిగి వేలాడిపోయాయి. వాడిపోయింది కదా, నీళ్ళు చాలట్లేదేమో అని పైన ఇంకో మగ్గు పోశా. నాలుగు రోజులకి ఆకులన్నీ రాలిపోయాయి. బకెట్ పక్కకి పడేసి మట్టి లాగితే పై సగం బాగానే ఉంది, కింది సగం నల్లటి బురద, మురిక్కాలవ వాసన. ఒక వేరు పట్టుకుని రెండు వేళ్ళతో లాగితే పైన తొక్క జారిపోయి లోపల దారప్పోగు లాంటిది మిగిలింది. బకెట్ అడుగున నాలుగు చిల్లులు ఉన్నాయి, కానీ బకెట్ నేరుగా స్లాబ్ మీద కూర్చుంది, చిల్లులు ఉన్నా లేనట్టే అయ్యాయి. వేర్లకి నీళ్ళెంత అవసరమో గాలీ అంతే అవసరం, మట్టిలో సందులన్నీ నీళ్ళతో నిండిపోతే వేరుకి ఊపిరాడదు, కుళ్ళుతుంది, కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు, అందుకే నీళ్ళలో నానుతూ కూడా మొక్క వాడిపోతుంది. వానాకాలంలో మొక్క వాలిపోతే ముందు మగ్గు పట్టుకోకండి, మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా దించి చూడండి.

కాబట్టి మొదటి పని కుండీల అడుగు చూస్కోవడం. ఒక్కో కుండీలో అర బకెట్ నీళ్ళు గబగబా పోసి నిలబడండి, కాసేపట్లో కింద నుంచి ధారగా రావాలి, పైన పావుగంటైనా నిలిచే ఉంటే అది మూసుకుపోయినట్టే. కింద నుంచి ఇనప చువ్వతో పొడిస్తే చాలావరకు తెరుచుకుంటుంది, వేర్లు అల్లుకుని మూసేస్తే మాత్రం బయటికి తీసి అడుగు వేర్లు కొంచెం కత్తిరించి మళ్ళీ పెట్టడమే. ప్లాస్టిక్ బకెట్లకి, డ్రమ్ములకి అడుగున ఉన్న చిల్లులతో పాటు పక్కన, అడుగు నుంచి అర అంగుళం పైన కూడా చువ్వ కాల్చి నాలుగైదు పెట్టండి, కింద మూసుకుపోయినా పక్కనుంచి నీళ్ళు పోతాయి. గ్రో బ్యాగులు, బకెట్లు ఏవైనా సరే ఇటుకల మీదకో స్టాండు మీదకో ఎక్కించండి, కనీసం మూడు నాలుగు అంగుళాలు గాలి ఆడాలి. కుండీల కింద ప్లేట్లు పెట్టుకుంటే ఇప్పుడే తీసి కడిగి లోపల దాచేయండి. ఆ ప్లేట్లలో నిలిచిన మంచినీళ్ళలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో దోమ తయారు. శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్ళు పారబోసే రోజు అని ఊరికే చెప్పట్లేదు, ఖాళీ కుండీలు, పాత బకెట్లు, టార్పాలిన్ మడతలు అన్నీ వారానికోసారి వంపేయాల్సిందే.

తర్వాత మట్టి. ఎండాకాలం అంతా నీళ్ళు పోసీ పోసీ మట్టి దిగిపోయి మొక్క మొదట్లో గుంట పడి ఉంటుంది, వాన నీళ్ళన్నీ అక్కడే చేరతాయి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపి మధ్యలో కొంచెం ఎత్తుగా, అంచుల వైపు వాలుగా చెయ్యండి. ఎండలకని వేసిన ఎండుటాకుల మల్చింగ్ కాండానికి అంటుకుని ఉంటే మూడు అంగుళాలు వెనక్కి జరపండి, లేదంటే మొదలు కుళ్ళుతుంది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువ వేసిన మిక్స్ మే నెలకి వరం, జులైకి అదే శాపం, కొత్తగా కలిపే వాటిలో దాన్ని తగ్గించి ముతక ఇసుక కొంచెం పెంచండి.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. తొలకరి పడగానే అందరం నర్సరీకి పరిగెడతాం. రాజమండ్రి దగ్గర నర్సరీల ఊరు కడియం నుంచి వచ్చే మొక్కల్లో చాలావాటికి వేర్ల చుట్టూ గోదావరి ఒండ్రు బంకమట్టి ముద్దలా ఉంటుంది. లారీలో కదిలినా ముద్ద విడిపోకూడదు కాబట్టి వాళ్ళకి అది అవసరం, తప్పేం లేదు. కానీ ఆ ముద్దని అలాగే మన గుల్ల మట్టిలో పెట్టేస్తే చుట్టూ మట్టి ఆరుతుంది, మధ్యలో ముద్ద మాత్రం వానకి నానుతూనే ఉంటుంది, వేర్లు దాంట్లోంచి బయటికి రావు. గులాబీలు కొన్న నెలకే చచ్చిపోతున్నాయి అనేవాళ్ళు చచ్చిన మొక్కని పీకి చూడండి, ఆ ముద్ద చాలాసార్లు చెక్కు చెదరకుండా ఉంటుంది. కొన్నాక వారం పది రోజులు నీడలో ఉంచి, నాటే రోజు ఆ ముద్దని ఒక టబ్బు నీళ్ళలో పెట్టి బయటి పొర మెత్తబడేదాకా ఆగి, వేళ్ళతో మెల్లగా మూడో వంతు వరకు కరిగించి అప్పుడు నాటండి. మొత్తం కడిగేస్తే సన్న వేర్లు తెగిపోతాయి, అంత వద్దు.

మిద్దె సంగతి కూడా. అంగుళం వాన పడితే వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 2,300 లీటర్ల పైనే నీళ్ళు, అవన్నీ ఆ రెండు మూడు పైపుల్లోంచే పోవాలి. ఎండుటాకులు, గ్రో బ్యాగ్ పీలికలు అడ్డం పడితే స్లాబ్ మీద చెరువే, కాబట్టి పైపు మూతుల దగ్గర జాలీ పెట్టి రోజూ చూస్కోండి. 100 లీటర్ల ఎర్రమట్టి డ్రమ్ము బాగా తడిస్తే 150 కిలోలు దాటుతుంది, అలాంటివి స్లాబ్ మధ్యలో కాకుండా దూలాల మీద, పిల్లర్ల పక్కన రావాలి. పాత ఇల్లైతే ఇంజనీరుకి చూపించకుండా డ్రమ్ములు పెట్టొద్దు. పిట్టగోడ మీద కుండీలు మాత్రం ఎంత చిన్నవైనా దించేయండి, గాలివానకి కింద నడిచే మనిషి మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి.

తెగుళ్ళు వచ్చాక మందు కొట్టడం కంటే ఇప్పుడే చేసేది ఒకటుంది. 10 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (మొక్కకి మేలు చేసే శిలీంధ్రం పొడి) కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచితే బూజు పట్టినట్టు తెల్లగా, పచ్చగా వస్తుంది. దాన్ని కుండీకి రెండు గుప్పెళ్ళు వేసి పై మట్టిలో కలిపేయండి, వేరుకుళ్ళు శిలీంధ్రాల్ని అది అదుపులో పెడుతుంది. ఆ తర్వాత కూడా నారు మొదట్లో కుళ్ళి పడిపోతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల మందు లీటరుకి 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడపొచ్చు, కానీ అది ట్రైకోడెర్మాని కూడా దెబ్బతీయొచ్చు, రెండూ ఒకేసారి వాడకండి. నారు ట్రేలు మాత్రం వాన నేరుగా పడని చోట పెట్టండి, ఒత్తుగా చల్లకండి.

మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి తిరగేసిన పడవలా ముడుచుకుంటే నల్లి. రెండిటికీ మొదట్లోనే అయితే వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళతో కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి, వాన పడితే మళ్ళీ కొట్టాలి. బెండలో ఈనెలు పసుపెక్కే పల్లాకు వస్తే మాత్రం మందు లేదు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, మనసు చంపుకుని మొక్క పీకేయండి, లేకపోతే మిగతా వాటికీ అంటిస్తుంది. బీర, కాకరకి పిందెలు కుళ్ళి రాలుతుంటే పండు ఈగ, పూత మొదలవగానే ఆ ఈగల్ని పట్టే ట్రాపు కట్టండి, రాలినవి కుండీలోనే వదలకుండా ఏరేయండి, వాటి లోపలే పురుగు ఉంటుంది. నత్తలకి రాత్రి తడి గోనెపట్టా పరిచి పొద్దున్నే ఎత్తితే కింద గుంపుగా దొరుకుతాయి, గ్లవ్స్ వేసుకునే తీయండి, ఉప్పు కలిపిన నీళ్ళ బకెట్‌లో వేయండి. కుండీల్లో ఉప్పు చల్లితే నత్తతో పాటు మొక్కా పోతుంది. నత్తలు తిరిగిన ఆకుకూరలు బాగా కడిగి ఉడికించే తినండి, పచ్చిగా పిల్లలకి పెట్టొద్దు.

ఎరువు ఒకేసారి ఎక్కువ వేస్తే వానకి కొట్టుకుపోతుంది, ముఖ్యంగా నత్రజని. పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెం వేయండి. పచ్చి వంటింటి చెత్త నేరుగా కుండీల్లో పూడ్చే అలవాటు ఉంటే ఈ నాలుగు నెలలు ఆపేయండి.

పందిళ్ళ తాళ్ళు ఎండకి చివికిపోయి ఉంటాయి, చేత్తో లాగితే తెగిపోతున్నవి ఇప్పుడే మార్చండి. కోస్తా వాళ్ళకైతే డిసెంబర్ దాకా ఇదే పని మళ్ళీ మళ్ళీ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తుఫాను కబురు రాగానే పందిరి విప్పి పడుకోబెట్టేయండి, తీగ పోయినా మళ్ళీ పెడతాం.

అన్నీ చేశాక మొదటి పెద్ద వాన పడి, ఉరుములు పూర్తిగా ఆగాక ఓ అరగంటకి సుద్దముక్క పట్టుకుని మిద్దె ఎక్కండి. ఏ కుండీలో ఇంకా నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయో దాని మీద గుర్తు పెట్టండి. మర్నాడు పొద్దున ముందు వాటి పనే చూడండి.